త్రాసును తూచుట : ప్రమాణచర్చకు ప్రవేశము

తత్త్వశాస్త్రమున క్రొత్తగా ప్రవేశించు విద్యార్థికి మొదట నందీయవలసినది దర్శనముల పట్టిక కాదని మా యభిప్రాయము. అంగడిలోని త్రాసును చూపి, దీని తూకము సరియైనదని యెట్లెరుగుదువని యడిగిన చాలును. వేరొక త్రాసుతో సరిచూతు ననును. ఆ రెండవదానికి పూచీ యెవ్వరు? జ్ఞానసమస్య యిచ్చటనే యారంభమగుచున్నది.

ఈ ప్రశ్నను మన దేశమున మిక్కిలి తీక్ష్ణముగా నడిగినవాడు, క్రీ.శ. 2వ శతాబ్ది ప్రాంతమువాడని తలపబడు ఆచార్య నాగార్జునుడు. (నాగార్జునకొండ పేరును బట్టి ఆయన మనవాడని గర్వించుట మనకు ప్రియమే; కాని పేరొక్కటి శాసనమునకు సాటి రాదు. ప్రమాణచర్చలో నీ జాగరూకత మరింత యుచితము.) ఆయన ‘విగ్రహవ్యావర్తని’ 70 కారికల చిన్న గ్రంథము. మొదటి 20 కారికలు ప్రతిపక్షి యాక్షేపములు, తక్కినవి సమాధానములు. చిరకాలము చీనా, టిబెట్ అనువాదములందే నిలిచిన యీ గ్రంథపు సంస్కృతమూలమును రాహుల సాంకృత్యాయనుడు టిబెట్టున కనుగొనగా, 1937లో ఆయనయు కాశీప్రసాద్ జయస్వాలును ప్రకటించిరి.

వస్తువులను ప్రమాణములు సాధించునేని ప్రమాణముల నేది సాధించును? వేరొక ప్రమాణమన్నచో అనవస్థ. ఏదియు నక్కరలేదన్నచో, సర్వమును ప్రమాణసిద్ధమను ప్రతిజ్ఞకే భంగము. అగ్ని యితరములను, తన్నును వెలిగించునట్లే ప్రమాణము తన్ను తాను సాధించుకొనునని ప్రతిపక్షి యనును. చీకటిలోని కుండ మొదట కానరాక, పిదప కానవచ్చును. అగ్ని యెన్నడు చీకటిలో కానరాకుండెను? తన్ను వెలిగించుకొనునేని తన్ను కాల్చుకొనవలదా? ఈ చమత్కారమునకు మా విద్యార్థులు సాధారణముగా నవ్వుదురు, పిదప మౌనము వహింతురు.

న్యాయసూత్రముల ద్వితీయాధ్యాయమున దీపదృష్టాంతముతోపాటు త్రాసు ప్రస్తావనయు కలదు. తూచునపుడు త్రాసు ప్రమాణము. ఎరిగిన తూకముగల బంగారముతో దానినే పరీక్షించునపుడు ప్రమేయమని వాత్స్యాయనుని వివరణము. మాకు దీపముకంటె త్రాసే బలవత్తరముగా తోచును. ఒక్క వస్తువే సందర్భభేదమున రెండు స్థానముల నొందుననుట వ్యవహారమునకు దగ్గరి మాట. ఐనను, బంగారమును త్రాసును, త్రాసును బంగారమును సాధించుచుండ, తండ్రి కొడుకును, కొడుకు తండ్రిని కన్న చందము కాదా? ఇట్టి యాక్షేపమును నాగార్జునుడే తండ్రికొడుకుల దృష్టాంతముతో చూపియున్నాడు.

దీనికి వాత్స్యాయనభాష్యారంభమున నొక దారి కలదు: ప్రమాణముచే నెరిగి ప్రవర్తించినవానికి ప్రవృత్తి ఫలించును. దప్పిగొన్నవానికి నీరు దొరకును, ఎండమావి దొరకదు. ఫలించినదని యెరుగుటయు నొక జ్ఞానమే గదా యని శూన్యవాది మరల నడుగవచ్చును. అందుచేతనే మేము తరగతిలో న్యాయభాష్యమును ముందు చదివించి, విగ్రహవ్యావర్తనిని పిదప నిచ్చుచున్నాము; తిరుగవేసినచో విద్యార్థి భాష్యమును తెరువకయే త్రాసును పారవేయుచున్నాడు.