దుబాసీతో స్నేహం కుదురుతుందా?

మచిలీపట్నంలో వలందపాలెం అని ఒక పేట ఉంది. హాలండు అన్నమాట మనవాళ్ళ నోట పడి వలంద అయి కూచుంది. ఆ ఊళ్ళోనే ఫ్రెంచివాళ్ళ పేరున పరాసుపేట, ఇంగ్లీషువాళ్ళ పేరున ఇంగ్లీషుపాలెం కూడా ఉన్నాయి. తెల్లవాళ్ళు పోయారు, కంపెనీలు పోయాయి, పేటల పేర్లు మాత్రం రిక్షావాళ్ళ నోళ్ళలో, ఆటోవాళ్ళ నోళ్ళలో బతికే ఉన్నాయి.

హాలండు వెళ్ళిన మన ఆడపిల్లలందరిదీ ఈమధ్య ఒకటే ఫిర్యాదు. దేశం చక్కగా ఉంటుంది, మనుషులు మర్యాదస్తులు, కానీ స్నేహం కలవడం మహా కష్టం అని. ఆ మాట విన్నప్పుడల్లా నాకు వలందపాలెమే గుర్తొస్తుంది. నాలుగువందల ఏళ్ళ కిందట కొత్తగా వచ్చింది వాళ్ళు, ఊరివాళ్ళం మనం. మరి అప్పుడు మనం వాళ్ళతో ఎంతమాత్రం కలిశాం?

డచ్చి ఓడ మచిలీపట్నం రేవుకు చేరింది 1605లో. మరుసటి ఏడు గోలకొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్‌షా దగ్గర వర్తకానికి అనుమతి పుచ్చుకున్నారు. వాళ్ళకు కావలసింది మన నేతబట్టలూ, అద్దకం బట్టలూ. అవి పట్టుకుపోయి తూర్పుదీవుల్లో ఇస్తే లవంగాలు, జాజికాయలు వచ్చేవి. చిరివేరుతో అద్దిన ఎరుపు ఎన్ని ఉతుకులు ఉతికినా వెలవదని పేరు. నిజాంపట్నం, పాలకొల్లు, ద్రాక్షారామం, భీమునిపట్నం — ఎక్కడ మగ్గం చప్పుడు వినిపిస్తే అక్కడికి వెళ్ళారు.

వెళ్ళారు సరే, ఎవరింట్లోనైనా పీట వేశారా? లేదు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, మనవాళ్ళు వాళ్ళకు పాలెం ఇచ్చారుగాని పంక్తిలో చోటివ్వలేదు. వాళ్ళ తిండీ, తాగుడూ చూసి మన పెద్దమ్మలు గడప ఇవతలే ఆపేసి ఉంటారు. వాళ్ళూ అంత తహతహలాడినట్టు లేదు. గుమాస్తా వర్తకుడికి బయానా ఇస్తాడు, వర్తకుడు సాలెవాళ్ళకిస్తాడు, నడుమ దుబాసీ నిలబడి అటు మాట ఇటూ ఇటు మాట అటూ చేరవేస్తాడు. సరుకు ఓడెక్కుతుంది. ఆ బట్ట నేసినవాడి పొయ్యి మీద ఏం ఉడుకుతోందో గుమాస్తాకు తెలియనక్కరలేదు. దుబాసీ ద్వారా బేరం కుదురుతుంది గాని, "ఏమే, ఇవాళ అలా ఉన్నావేం?" అని దుబాసీ పెట్టుకుని ఎవరడుగుతారు చెప్పండి?

తమాషా ఏమిటంటే ఆ నడుమ భాష డచ్చి కూడా కాదు. వాళ్ళకంటే వందేళ్ళ ముందే వచ్చిన పోర్చుగీసువాళ్ళ భాష రేవుల్లో పాతుకుపోయి ఉంది. చాలామంది కంపెనీ ఉద్యోగులు పెళ్ళాడిందీ ఇక్కడి పోర్చుగీసు సంతతి ఆడవాళ్ళనే. అంచేత ఇంట్లోనూ అదే మాట. మన అలమర, మేస్త్రీ, తువాలు అటునుంచి వచ్చినవే. డచ్చివాళ్ళు రెండువందల ఏళ్ళున్నారు కదా, వాళ్ళ గుర్తుగా మన నాలుక మీద ఏం మిగిలిందీ అని వెతికితే, భాషావేత్తలు గట్టిగా చూపించే మాట ఒకటుంది: కక్కూసు! అరవదేశం మీదుగా వచ్చి ఉండవచ్చు. నవ్వకండి, ఈ మాటతో మనకు ముందు పని ఉంది.

మా ఘనపూర్ వైపువాళ్ళకు డచ్చివాళ్ళంటే ఎక్కడో కోస్తా సంగతి అనిపిస్తుంది. కాని మచిలీపట్నంనుంచి గోలకొండకు పోయే దారిలో, ఇప్పటి ఖమ్మం జిల్లా నాగులవంచలో, వాళ్ళకొక వర్తకశాల ఉండేది. 1953 దాకా ఖమ్మం మా వరంగల్ జిల్లాలోదే కనుక నాగులవంచ మాకు పరాయి ఊరు కాదు. 1669 ప్రాంతాల్లో పెట్టారు. 1687లో గోలకొండ ఔరంగజేబు పరమైంది, ఆ ఏడే నాగులవంచ కొట్టూ మూతబడింది. పట్టుమని ఇరవై ఏళ్ళు లేదు.

దాని సంగతులు మనకు చెప్పినవాడు డేనియల్ హవార్ట్ అనే కంపెనీ ఉద్యోగి. 1670ల్లో కుర్రవాడుగా వచ్చి గోలకొండలో పనిచేశాడు. తోటివాళ్ళు బేళ్ళు లెక్కపెడుతుంటే ఇతను పారసీ నేర్చుకున్నాడు. తిరిగి వెళ్ళాక 1688లో సాదీ రాసిన బోస్తాన్‌ను డచ్చిలోకి తెచ్చాడు. 1693లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఈ కోరమండల్ తీరంలో తమవాళ్ళ వర్తకం ఎలా పెరిగి ఎలా పడిందో పెద్ద పుస్తకమే వేశాడు. ఊళ్ళు, వర్తకశాలలు, మనుషులు, ఆఖరికి సమాధుల మీది రాతలు కూడా ఎక్కించాడు. మూడువందల ఏళ్ళ తర్వాత మనం ఆ గుమాస్తాల గుంపులో ఇతని పేరు పట్టి పిలుస్తున్నామంటే, దుబాసీని పక్కకు తప్పించి కూచుని భాష నేర్చినందుకే. అయినా నాకో వెలితి ఉంది. పారసీ దర్బారు భాష. మునిషీలతో మాట్లాడటానికి బాగుంటుంది. నాగులవంచలో నీళ్ళబిందెతో ఎదురొచ్చిన ఆవిడను పలకరించడానికి పారసీ ఏం అక్కరకొస్తుంది?

మరి వాళ్ళ ఆడవాళ్ళో? భీమిలిలో, మచిలీపట్నంలో, పులికాట్‌లో డచ్చి సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. మగవాళ్ళ పక్కనే భార్యలవీ, పసిపిల్లలవీ. బిడ్డ జ్వరంతో పడుకుంటే ఆ తల్లి పక్కన రాత్రంతా ఎవరు కూచున్నారు? కంపెనీ దస్తరాలు ఇలాంటివి రాయవు. ఏ దాదో, చేపలమ్మో కూచుని ఉంటుందని నా ఊహ. 1825లో ఈ ఊళ్ళన్నీ ఇంగ్లీషువాళ్ళ చేతికి వెళ్ళాయి.

ఇక్కడ మనుషులు కలవలేదుగాని బట్ట మాత్రం అక్కడ ఏ దుబాసీ లేకుండా ఇళ్ళల్లో దూరింది. మన ఛీంటును వాళ్ళు 'సిట్స్' అన్నారు. ఉత్తరాన హిండెలోపెన్ అనే చిన్న రేవుపట్నంలో ఆడవాళ్ళు కోరమండల్ పూలబట్టతో పొడుగు అంగీలు కుట్టించుకున్నారు. ఇంట్లో ఎవరైనా పోతే నీలం పువ్వులది తొడిగేవారు. పండక్కీ, మైలకూ కట్టుకునే బట్ట అయిందంటే అది ఇంటిమనిషి అయినట్టే కదా!

ఇప్పుడు కథ తిరగబడింది. 2004లో హాలండువాళ్ళు చదువుకున్న ఉద్యోగస్తులకు దారి తేలిక చేశాక మనవాళ్ళు జోరుగా వెళ్తున్నారు. ఆమ్‌స్టల్‌వేన్‌లో తెలుగు వినపడని వీధి లేదంటారు. భర్తకు ఆఫీసు ఉంది, నలుగురు తోటివాళ్ళుంటారు. వెంట వెళ్ళిన అమ్మాయికి కిటికీ, వాన. మా వాడకట్టు అమ్మాయే ఒకతె అలా వెళ్ళింది. చలికీ, తిండికీ అలవాటు పడింది. "దోస్తులెవరన్నా అయిన్రా బిడ్డా?" అని తల్లి అడిగితే మాత్రం మొదటి ఏడాదంతా మాట మార్చేది.

అక్కడి దుబాసీ ఇంగ్లీషు. ఇంచుమించు అందరికీ వచ్చు. కూరలకొట్లో, ఆస్పత్రిలో ఇబ్బంది లేదు. మీరు కష్టపడి రెండు డచ్చి మాటలు కూడబలుక్కుంటే, పాపం అని జాలిపడి వాళ్ళే ఇంగ్లీషులోకి దిగుతారు. అది మర్యాదే, గోడా అదే. నలుగురిలో కూచున్నప్పుడు మీకోసం పది నిమిషాలు ఇంగ్లీషు నడుస్తుంది. తర్వాత ఎవరో హాస్యమాడతారు, అందరూ నవ్వుతారు, మీరు అర్థం కాకుండానే నవ్వుతారు.

పైగా వాళ్ళ పద్ధతులు. చెప్పకుండా వెళ్ళి తలుపు తట్టకూడదు. డైరీ తీసి, మూడు వారాల తర్వాత ఫలానా రోజు కాఫీకి రండి అంటారు. కాఫీతో ఒక బిస్కెట్టు ఇచ్చి డబ్బా మూత పెట్టేస్తారు. మన పిల్లలు దేశానికొచ్చి ముందు చెప్పేది ఈ మూత సంగతే. రాత్రి భోజనం ఆరింటికల్లా. ఆ వేళకు పిలవనివాళ్ళు లేచిపోవాలి. కొసరి వడ్డించే ఇంట్లో పుట్టినదానికి ఇది గుండెలో కలుక్కుమంటుంది మరి.

పుట్టినరోజుకు మాత్రం గుండ్రంగా కుర్చీలు వేసుకుని కూచుంటారు, అచ్చం మన పేరంటంలా. వచ్చినవాళ్ళు పుట్టినరోజు మనిషినే కాక, వాళ్ళమ్మనూ, చెల్లెల్నీ, వదినెనూ వరసపెట్టి అభినందించాలి. పిల్ల పుడితే సోంపు మిఠాయిలు చల్లిన రొట్టెబిళ్ళలు పెడతారు. పురిటింటి మిఠాయి పంచడం తెలిసిన మనకు అదేం కొత్త?

హేగ్‌లో ఇంకో ఆసరా ఉంది. 1873 నుంచి 1916 దాకా ఉత్తరాదినుంచి 34 వేలమంది కూలీలుగా డచ్చివాళ్ళ సురినామ్ తోటలకు వెళ్ళారు. 1975లో సురినామ్ స్వతంత్రమయ్యే రోజుల్లో వాళ్ళ సంతతివాళ్ళు ఎందరో హాలండు చేరారు. రెండుసార్లు కొత్తవాళ్ళయిన మనుషులు! వాళ్ళ కొట్లలో కాకరకాయ దొరుకుతుంది. మన బడి హిందీకీ, వాళ్ళ భోజ్‌పురికీ ఎలాగో సగం మాట కుదురుతుంది. ఉగాదికీ, బతుకమ్మకూ మన తెలుగువాళ్ళు ఎలాగూ చేరుతారు. అది ప్రాణానికి హాయే గాని, అక్కడే కూచుండిపోతే మనం కట్టుకున్న వలందపాలెం అవుతుంది.

మా అమ్మాయికి దారి దొరికింది బడి గేటు దగ్గర. అక్కడ చాలా బళ్ళు బుధవారం మధ్యాహ్నానికే వదిలేస్తారు. పిల్లలు ఒకరింటికొకరు ఆడుకోవడానికి వెళ్తారు. పిల్లలకు దుబాసీ అక్కర్లేదు. కొడుకు వెనక తనూ ఒకరింటికి వెళ్ళింది. ఊరి గ్రంథాలయంలో కొత్తవాళ్ళను కూచోబెట్టి మాట్లాడించే ఏర్పాటుంటే చేరింది. ఆ పిల్లవాడి అమ్మమ్మతో, "నాతో ఇంగ్లీషు మాట్లాడకండి, తప్పులు వస్తే రానివ్వండి" అని డచ్చిలోనే చెప్పిందట. పెద్దావిడ సంబరపడిపోయింది. అప్పటినుంచి కాఫీ డబ్బాకు మూత పడటం లేదు.

డచ్చి ఇళ్ళల్లో పుట్టినరోజుల క్యాలెండరు ఒకటుంటుంది. అందులో వారాలుండవు, తేదీలే. ఏళ్ళ తరబడి అదే పనికొస్తుంది. ఎవరిని మరిచిపోదలచుకోలేదో వాళ్ళ పేర్లే అందులో ఎక్కుతాయి. కిందటేడు ఆ పెద్దావిడ మా అమ్మాయి పేరు రాసి గోడకు తగిలించింది. తల్లి ఆ సంగతి వాడకట్టంతా చెప్పుకుంది. ఆ క్యాలెండరు తగిలించేది కక్కూసులోనని మాత్రం అమ్మాయి ఆమెకు ఇంకా చెప్పలేదు.