యాదగిరి: ఒక పురుషనామ చరిత్ర – మొక్కు నుంచి వెండితెర దాకా

ఉపోద్ఘాతం

హైదరాబాద్ తూర్పు భాగంలో వ్యక్తినామాలు స్థలనామాలైన సందర్భాలు ఉన్నాయి. దిల్‌సుఖ్‌రామ్ పేరిట దిల్‌సుఖ్‌నగర్, లాల్ బహదూర్ శాస్త్రి పేరిట ఎల్.బి.నగర్ ఏర్పడ్డాయి. బాలాపూర్, ఎల్.బి.నగర్ ప్రాంతాల నుంచి ఉప్పల్ మీదుగా భువనగిరి దాటి వెళ్తే ఇందుకు పూర్తిగా భిన్నమైన పరిణామం కనిపిస్తుంది. అక్కడ ఒక గుట్ట పేరు మనుషుల పేరైంది. యాదగిరి, యాదయ్య, యాదమ్మ, యాదిరెడ్డి అనే పేర్లు తెలంగాణ పల్లెల్లో కులభేదం లేకుండా వినిపిస్తాయి. ఈ పేరు ఎలా పుట్టింది, పాటలోను సినిమాలోను దాని స్థానం ఎలా మారింది, ఆ మార్పు తెలంగాణ సమాజం గురించి ఏమి తెలుపుతుంది అనే అంశాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

స్థలనామం వ్యక్తినామం కావడం

యాదగిరిగుట్ట పంచనారసింహ క్షేత్రంగా ప్రసిద్ధం. ఋష్యశృంగుని కుమారుడైన యాదఋషి ఇక్కడ తపస్సు చేయగా నరసింహస్వామి జ్వాలా, యోగానంద, గండభేరుండ, ఉగ్ర, లక్ష్మీనరసింహ రూపాలలో దర్శనమిచ్చాడని స్థలపురాణం. ఋషి పేరుకు 'గిరి' చేరి 'యాదగిరి' అయింది. వ్యవహారంలో దానికి మళ్లీ 'గుట్ట' చేరింది. గిరి, గుట్ట సమానార్థకాలు. ఒకే అర్థం గల రెండు పదాలు పక్కపక్కన నిలిచాయంటే, వాడుకరుల దృష్టిలో 'యాదగిరి' అనే మాటలోని కొండ అనే అర్థం అప్పటికే మరుగునపడి, అది దేవుని పేరుగా స్థిరపడిందని భావించవచ్చు. దేవుని పేరుగా స్థిరపడింది కనుకనే అది మొక్కు ద్వారా బిడ్డకు సంక్రమించింది. సంతానం కోసం మొక్కుకోవడం, పుట్టిన బిడ్డ పుట్టువెంట్రుకలు గుట్టమీద తీయించడం, స్వామి పేరు పెట్టుకోవడం ఒకే ఆచారంలోని దశలు.

ఇక్కడి దైవం నరసింహుడు. ఆయన పేరుతోనే నర్సయ్య, నర్సింలు, నర్సింహ వంటి నామాలు ఉన్నాయి. అయినా భక్తుడు దైవనామంతో తృప్తిపడక స్థలనామాన్ని ఎంచుకున్నాడు. నరసింహుడు అహోబిలంలోనూ సింహాచలంలోనూ ఉన్నాడు. యాదగిరి మాత్రం ఒక్కచోటే ఉంది. ఈ పేరు ఏ గుట్ట దేవుడు ఆ బిడ్డను ఇచ్చాడో చెబుతుంది. ఉత్తరాంధ్రలో సింహాచలం, అప్పన్న, అప్పలరాజు, అప్పలనాయుడు అనే పేర్లు ఇదే పద్ధతిలో ఏర్పడ్డాయి. శ్రీశైలం, తిరుపతి అనేవి కూడా పురుషనామాలుగా విరివిగా వాడుకలో ఉన్నవే. కనుక స్థలనామం వ్యక్తినామం కావడం తెలుగువారందరికీ ఉమ్మడి లక్షణం.

తెలంగాణలో ఈ పద్ధతి పెద్ద క్షేత్రాలకే పరిమితం కాలేదు. కొమురవెల్లి మల్లన్న నుంచి కొమురయ్య, మల్లయ్య, మల్లేశం. ఐలోని మల్లన్న నుంచి ఐలయ్య, ఐలమ్మ. వేములవాడ రాజన్న నుంచి రాజయ్య, రాజేశం. కొండగట్టు అంజన్న నుంచి అంజయ్య వచ్చాయి. మేడారం వనదేవతలు స్త్రీలైనప్పటికీ సమ్మయ్య, సారయ్య అనే పురుషనామాలకు మూలమయ్యారు. రంగారెడ్డి జిల్లా కొత్తూరు సమీపంలోని జహంగీర్ పీర్ దర్గాకు మొక్కుకున్న హిందువులు కొడుకుకు జహంగీర్ అని పేరు పెట్టుకోవడమూ ఉంది. ఈ పేర్లను ఒక పటం మీద గుర్తిస్తే జాతరల దారులు, మతాల సరిహద్దును దాటిన విశ్వాసం స్పష్టమవుతాయి.

పేరు, సంబోధన

ఒక పేరు గౌరవం ఆ పేరులోనే ఉండదు. పిలిచేవాని నోటిలో దానికి చేరే ప్రత్యయాన్ని బట్టి ఉంటుంది. 'అయ్య', 'అన్న' గౌరవవాచకాలు. కానీ దొరల పెత్తనం సాగిన కాలంలో గడీ ముందు నిలబడ్డ యాదయ్య 'యాదిగాడు' అయ్యేవాడు, మల్లయ్య 'మల్లిగాడు' అయ్యేవాడు. తల్లిదండ్రులు మొక్కుతో పెట్టిన పేరులోని 'అయ్య'ను తొలగించడం వెట్టిచాకిరీ వ్యవస్థలో ఒక భాగం. మరోవైపు 'రావు' అనే ప్రత్యయం తెలంగాణలో ప్రధానంగా అగ్రవర్ణాలకు, అధికారానికి గుర్తుగా ఉండేది. కోస్తా జిల్లాలలో అది అనేక కులాలలో వ్యాపించింది. ఈ తేడాను గమనించకుండా తెలంగాణ పాత్రల పేర్లను అంచనా వేయలేం.

కృషన్ చందర్ ఉర్దూ నవల 'జబ్ ఖేత్ జాగే' తెలంగాణ రైతాంగ పోరాటాన్ని ఇతివృత్తంగా తీసుకున్నది. అందులో కథానాయకుడు రాఘవరావు. ఈ నవల ఆధారంగా గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో, బి.నర్సింగరావు నిర్మాణ భాగస్వామిగా 1979లో వచ్చిన 'మా భూమి' చిత్రంలో కథానాయకుడు రామయ్య. 'రావు' స్థానంలో 'అయ్య' రావడం చిన్న మార్పుగా కనిపించవచ్చు. కానీ తెలంగాణ పల్లె వ్యవహారం తెలిసిన ప్రేక్షకునికి ఆ ఒక్క ప్రత్యయమే పాత్ర సామాజిక స్థితిని విప్పి చెబుతుంది. పల్లె పేరుతోనే కథానాయకుడు కావచ్చునని ఆ చిత్రం నిరూపించింది.

పాటలో యాదగిరి

'మా భూమి'లో గద్దర్ తెరపై కనిపించి పాడిన పాట ఆ చిత్రానికి చిరస్థాయి కలిగించింది. నిజాం పాలనను నిలదీసే ఆ పాట సాయుధ పోరాట కాలపు ప్రజాకవి బండి యాదగిరిది. యాదగిరి అనే పేరు తెలుగు జనసంస్కృతిలో మొదట బలంగా నిలబడింది ఒక పాటకారుని పేరుగానే అన్నది ఇక్కడ ముఖ్యం. దొడ్డి కొమురయ్య 1946 జూలై 4న కడవెండిలో ప్రాణమర్పించాడు. భూమి కోసం నిలబడిన చాకలి ఐలమ్మ పేరు పోరాటానికి పర్యాయపదమైంది. కొమురవెల్లి, ఐలోని, యాదగిరి అనే మూడు క్షేత్రాల పేర్లు ఆ విధంగా పోరాట చరిత్రలో కలిశాయి.

పాట పాడినవారి పేర్లలో కూడా ఇదే సంఘర్షణ ఉంది. గుమ్మడి విఠల్‌రావు గదర్ పార్టీ స్ఫూర్తితో గద్దర్ అయ్యాడు. తెలంగాణ రాష్ట్రగీత రచయిత అందెశ్రీ అసలు పేరు అందె ఎల్లయ్య. అది ఎల్లమ్మ దేవతను స్మరించే పేరు. ఒకరు 'రావు'ను వదిలారు, మరొకరు 'అయ్య'ను వదిలారు. గోరటి వెంకన్న మాత్రం 'అన్న'తోనే నిలిచి 2021 కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నాడు.

తెరపై భేదం

వాణిజ్య చిత్రాలలో పరిస్థితి వేరు. 1985లో టి.కృష్ణ దర్శకత్వంలో వచ్చిన 'ప్రతిఘటన'లో కోట శ్రీనివాసరావు పోషించిన మంత్రి కాశయ్య తెలంగాణ మాండలికంలో మాట్లాడతాడు. నటన పరంగా అది గొప్ప పాత్ర. అయితే కాశయ్య అనే క్షేత్రనామం, తెలంగాణ యాస, ప్రతినాయకత్వం ఒకే పాత్రలో కలవడం గమనార్హం. తరువాతి కాలంలో తెలంగాణ యాసను ఎక్కువగా రౌడీకి, నౌకరుకు, హాస్యపాత్రకు కేటాయించారన్న విమర్శ తెలంగాణ ఉద్యమకాలంలో బలంగా వినిపించింది.

ఇక్కడ పేరు నవ్వు పుట్టించడానికి కారణం దాని ధ్వని కాదు. చుట్టూ ఉన్న పాత్రలన్నీ ప్రామాణిక భాషలో మాట్లాడుతుండగా ఒక్క పాత్ర మాత్రమే యాసలో మాట్లాడడం వల్ల ఏర్పడే వైరుధ్యమే ఆ నవ్వుకు మూలం. పేరు ఆ వైరుధ్యానికి ముందుగా కట్టిన చీటీ వంటిది. పాత్ర నోరు విప్పకముందే ప్రేక్షకుడు నవ్వడానికి సిద్ధమవుతాడు.

జపాన్ జనసంస్కృతిలోని 'తరో' అనే పురుషనామంతో పోల్చి చూస్తే ఈ విషయం మరింత స్పష్టమవుతుంది. పెద్దకొడుకు అనే అర్థాన్నిచ్చే ఆ పేరు మొమొతరో, ఉరషిమ తరో వంటి జానపద కథానాయకులకు ఉంది. 1973 నాటి టెలివిజన్ ధారావాహిక 'అల్ట్రామన్ తరో' దానిని ఆధునిక వీరునికి ఇచ్చింది. దరఖాస్తు నమూనాలలో సగటు మనిషికి ప్రతినిధిగా 'యమద తరో' అని రాస్తారు. అంటే ఒక సామాన్యమైన పేరు వీరునికీ సగటు మనిషికీ ఏకకాలంలో చెల్లగలదు. యాదగిరి, మల్లయ్య కూడా తెలంగాణలో సగటు మనిషి పేర్లే. కానీ తెలుగు వాణిజ్య చిత్రం చాలాకాలం వాటిని సగటు మనిషికి కాక, ప్రాంతీయ భేదానికి గుర్తుగా వాడుకుంది.

శీర్షికగా మారిన పేరు

2010 ఫిబ్రవరిలో ఉస్మానియా విశ్వవిద్యాలయం వద్ద రాష్ట్రసాధన కోసం ప్రాణమిచ్చిన విద్యార్థి సిరిపురం యాదయ్య పేరు ఉద్యమస్మృతిలో నిలిచిపోయింది. రాష్ట్రావతరణ తరువాత సినిమాలోనూ ఈ పేర్ల స్థానం మారింది. 2019లో రాజ్ రాచకొండ దర్శకత్వంలో వచ్చిన 'మల్లేశం' చిత్రానికి కథానాయకుని పేరే శీర్షిక. ఆలేరు మండలం శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తల్లి చేతినొప్పిని చూడలేక ఆసుయంత్రాన్ని రూపొందించి, దానికి ఆమె పేరే పెట్టి, 2017లో పద్మశ్రీ అందుకున్నవాడు. యాదగిరిగుట్ట ఉన్న జిల్లాలోనే పుట్టిన ఒక చేనేత కార్మికుని పేరు గోడపత్రిక మీద పెద్ద అక్షరాలలో కనిపించడం చిన్న విషయం కాదు.

2023లో వేణు యెల్దండి దర్శకత్వం వహించిన 'బలగం'లో తాత పేరు కొమురయ్య. కొడుకులు ఐలయ్య, మొగిలయ్య. ఈ చిత్రంలో పేరు ఎవరినీ నవ్వించదు. ఊరంతటికీ అవే పేర్లు, అదే భాష. వైరుధ్యం లేనిచోట హేళనకు ఆధారం ఉండదు. చిత్రాంతంలో తంబూర పట్టి పాడిన కళాకారుల జంట అసలు పేర్లు కూడా మొగిలయ్య, కొమురమ్మ కావడం గమనించదగినది; తెరమీది పేరుకూ తెరవెనుక పేరుకూ మధ్య దూరం అక్కడ తొలగిపోయింది.

అయితే ఇక్కడ ఒక ప్రశ్న మిగిలే ఉంది. 'బలగం'లో కొమురయ్య మరణించిన తాత. క్షేత్రనామం గౌరవం పొందింది, కానీ పోయిన తరానికి చెందినదిగా పొందింది. హేళనకు గురైనంత కాలం ఇంటింటా ఉన్న పేరు, ఆదరణ దొరికేనాటికి జ్ఞాపకంగా మారుతున్నదా అన్న సందేహాన్ని ఆ చిత్రమే కలిగిస్తుంది. తెలంగాణ వాడుకలో 'యాది' అంటే జ్ఞాపకం. యాదయ్యను ముద్దుగా పిలిచే 'యాది'కి వ్యుత్పత్తి వేరైనా, ఈ సందర్భంలో రెండు అర్థాలూ పక్కపక్కన నిలుస్తాయి.

ముగింపు

యాదగిరి అనే పేరు చరిత్రలో మూడు స్థితులు కనిపిస్తాయి: మొక్కుగా పుట్టిన గౌరవనామం, గడీలోను తెరమీదా తగ్గించబడ్డ పిలుపు, పాటలోను ఇటీవలి చిత్రాలలోను తిరిగి నిలబడ్డ సంపూర్ణ నామం. మూడు స్థితులలోనూ పేరు మారలేదు. మారింది దాన్ని పలికే తీరు, పలికేవారి స్థానం. కాబట్టి జనసంస్కృతిలో వ్యక్తినామాలను పరిశీలించేవారు వ్యుత్పత్తితో పాటు సంబోధనను కూడా పరిశోధనాంశంగా తీసుకోవాలి.

పాలనావ్యవహారంలో 'గిరి' కొంతకాలం 'అద్రి' అయింది. 2016 అక్టోబర్ 11న ఏర్పడ్డ జిల్లాకు యాదాద్రి భువనగిరి అని పేరు పెట్టారు. 2022 మార్చి 28న పునర్నిర్మిత ఆలయంలో దర్శనాలు మొదలైనప్పుడూ యాదాద్రి అనే పేరే వ్యవహారంలో ఉంది. 2024 నవంబర్‌లో ఆలయానికి మళ్లీ యాదగిరిగుట్ట అనే పేరునే వాడాలని ముఖ్యమంత్రి ప్రకటించారు. పత్రాలలో పేరు ఇలా అటూ ఇటూ మారుతున్న కాలంలో కూడా రేషన్ కార్డులలో, బడి రిజిస్టర్లలో యాదగిరి యాదగిరిగానే ఉన్నాడు. స్థలనామ చరిత్రను రాసేవారికి శాసనాలు, కైఫీయతులు ఎంత ముఖ్యమో, ఆ స్థలం పేరు మోస్తున్న మనుషులు కూడా అంతే ముఖ్యమైన ఆధారం.