విండ్సర్ స్టేషన్: రైలు రాని చోట మనలాంటి వాళ్ళ చరిత్ర

మాంట్రియల్‌లో చలికాలంలో బోనవెంచర్ మెట్రో దిగి, బయట మంచులో అడుగు పెట్టకుండా లోపలి దారుల్లోనే బెల్ సెంటర్ వైపు నడిచేవాళ్ళం మనలో చాలామందిమి. ఆ దారిలో గాజు కప్పున్న ఒక పెద్ద పాత హాలు తగులుతుంది. అదే విండ్సర్ స్టేషన్. పేరుకే స్టేషన్, 1993 నుంచి ఒక్క రైలు కూడా రాలేదు. పట్టాలు ఉన్న చోటే ఇప్పుడు బెల్ సెంటర్ ఉంది. వోద్రెయ్, కాండియాక్ వెళ్ళే లోకల్ రైళ్ళు పక్కనే లూసియన్-లాలియే నుంచి బయలుదేరతాయి.

1889 ఫిబ్రవరిలో దీన్ని తెరిచారు. కట్టించింది కెనడియన్ పసిఫిక్ రైల్వే, అంటే సీపీఆర్. ప్లాన్ గీసింది న్యూయార్క్ ఆర్కిటెక్ట్ బ్రూస్ ప్రైస్. బూడిద రంగు రాయి, పెద్ద పెద్ద కమానులు, చూడటానికి కోటలా ఉంటుంది. దేశం ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్ళిన మొదటి ప్యాసింజర్ రైలు ఇక్కడినుంచే కదిలిందని కొందరు చెప్తారు, అది తప్పు. అది 1886 జూన్ 28న పాత ఊరి వైపున్న డల్హౌసీ స్టేషన్ నుంచి వెళ్ళింది. అప్పటికి విండ్సర్ ఇంకా కట్టనే లేదు.

రాళ్ళు, కమానుల గురించి టూరిస్టు పుస్తకాలు బోలెడు రాస్తాయి. మనం చూడాల్సింది పైఅంతస్తుల్లో ఉన్న ఆఫీసులను. సీపీఆర్ హెడ్ ఆఫీసు 1996 దాకా ఇక్కడే ఉంది. పని ఎవరికి ఇవ్వాలి, టికెట్ ఎవరికి అమ్మాలి అన్నవి ఇక్కడ తేలేవి.

1904 సంగతి చూడండి. పట్టాల పనికి ఇటలీ కూలీలు కావాలి. వాళ్ళను తెచ్చే ఏజెంటు ఆంటోనియో కొర్డాస్కో. మన ఊళ్ళ ముఠా మేస్త్రీ లాంటోడే గానీ చాలా పెద్ద లెవెల్. కంపెనీ అతని ద్వారానే మనుషులను తీసుకునేది. పేరు రాయించుకోవడానికి కూలీ దగ్గర డబ్బు తీసుకునేవాడు, గ్యాంగు మేస్త్రీల దగ్గర ఇంకా ఎక్కువ. పని చోట తిండి సామాన్లు ఎక్కువ రేటుకి అమ్మి, ఆ డబ్బు జీతంలోంచి కోయించేవాడు. ఆ జనవరిలో కూలీలతో ఊరేగింపు తీయించుకుని తనను తాను ఇటలీ కూలీలకు 'రాజు' అనిపించుకున్నాడు. ఎండాకాలం వచ్చేసరికి వేలమంది వచ్చి పడ్డారు, పని మాత్రం లేదు. గొడవ పెద్దదై ప్రభుత్వం కమిషన్ వేసింది. వీసా కోసం, ఉద్యోగం కోసం ఏజెంటుకి డబ్బు కట్టి ఎదురుచూసినవాళ్ళకి ఈ కథ విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇంక మనదేశం సంగతి. 1908లో కెనడా ఒక రూలు పెట్టింది: పుట్టిన దేశం నుంచి ఎక్కడా ఆగకుండా, అక్కడే కొన్న ఒకే టికెట్ మీద వచ్చినవాళ్ళనే రానిస్తాం అని. భారతీయులు రావద్దని అందులో ఎక్కడా రాయలేదు. రాయాల్సిన అవసరం కూడా లేదు. ఓడ, రైలు రెండూ నడిపే సీపీఆర్ ఒక్కటే అలాంటి టికెట్ ఇవ్వగలిగేది, ప్రభుత్వం దాంతో ఆ అమ్మకం ఆపించింది. అంతే, దారి మూసుకుపోయింది. 1914లో 376 మందితో వాంకూవర్ చేరిన కొమగటా మారు ఓడ రెండు నెలలు రేవులోనే నిలబడింది. దాదాపు అందర్నీ వెనక్కి పంపేశారు. ఆ రూలు 1947 దాకా పోలేదు.

అందరికన్నా ఈ స్టేషన్‌తో ఎక్కువ బంధం ఉన్నవాళ్ళు నల్లజాతి పోర్టర్లు. స్లీపర్ పెట్టెల్లో పక్కలు వేయడం, బూట్లు పాలిష్ చేయడం, పెట్టెలు మోయడం వాళ్ళ పని. పాలిష్ కూడా సొంత డబ్బుతోనే కొనుక్కోవాలి. కరీబియన్ దీవులు, అమెరికా, నోవా స్కోషియా నుంచి వచ్చినవాళ్ళు. స్టేషన్‌కి దగ్గరగా సెంట్ ఆంటువాన్ వైపు, ఇప్పుడు లిటిల్ బర్గండీ అనే చోట ఉండేవాళ్ళు. పియానో వాయించే ఆస్కార్ పీటర్సన్ నాన్నగారు కూడా సీపీఆర్ పోర్టరే. 1907లో పోర్టర్లు, వాళ్ళ ఇంటివాళ్ళు కలిసి సొంతంగా ఒక చర్చి పెట్టుకున్నారు. అదే యూనియన్ యునైటెడ్ చర్చి.

ప్రయాణికులు వాళ్ళలో ప్రతి ఒక్కరినీ 'జార్జ్' అనే పిలిచేవాళ్ళు, పుల్‌మన్ కంపెనీ యజమాని జార్జ్ పుల్‌మన్ పేరు మీద. మన పేరు నోరు తిరగట్లేదని సూపర్‌వైజరు 'శామ్' అనో 'రాజ్' అనో పెట్టేస్తుంటే నవ్వి ఊరుకుంటాం కదా, అది కొత్తేం కాదు. పోర్టర్లు నవ్వి ఊరుకోలేదు. ఏళ్ళపాటు యూనియన్ కట్టి, 1945లో సీపీఆర్‌తో ఒప్పందం రాయించారు. జీతం, సెలవులతోపాటు ఒక చిన్న విషయం కూడా సాధించారు: పెట్టెలో పోర్టర్ అసలు పేరు రాసిన పలక పెట్టాలని. జీతం పెరగడం కన్నా ఆ పలకే మాకు పెద్దదిగా అనిపిస్తుంది.

1970ల్లో ఈ బిల్డింగును కూల్చేయాలని చూశారు, ఊరివాళ్ళు అడ్డుపడ్డారు. 1975లో జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించారు. ఇప్పుడు లోపల ఆఫీసులు, హాల్లో అప్పుడప్పుడు ఫంక్షన్లు. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన ఉద్యోగుల కోసం పెట్టిన దేవదూత కంచు విగ్రహం అక్కడే ఉంది, చనిపోయిన సైనికుడిని పైకి ఎత్తుకుంటూ. పోర్టర్ల చర్చి చూడాలంటే లియొనెల్-గ్రూ మెట్రోలో దిగి డెలిల్ వీధికి నడవండి, దగ్గరే.