గాజు కుర్చీ చేసిందెవరు?

మా బ్యాచ్ మిత్రులం కొందరం కుటుంబాలతో కలిసి ఉదయపూర్ వెళ్లాం. అక్కడి ఫతే ప్రకాశ్ ప్యాలెస్‌లో గాజు సామాన్ల గ్యాలరీ ఉంది. కుర్చీలు, బల్లలు, చివరికి మంచం కూడా గాజుతో చేసినవే. "ఇవి ఎవరు చేశారు తాతయ్యా?" అని ఒక మిత్రుడి మనవరాలు అడిగింది. 1877లో మహారాణా సజ్జన్ సింగ్ చేయించాడని చెప్పాను. "చేయించింది కాదు, చేసిందెవరు?" అంది. మన బడిలో చరిత్ర మాష్టారు అడిగే ప్రశ్నలాగే ఉంది అది. ఇంటికి వచ్చాక జవాబు వెతకడం మొదలుపెట్టాను.

ఆ సామాను ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌కు చెందిన ఎఫ్ అండ్ సి ఓస్లర్ కంపెనీది. 1807లో థామస్ ఓస్లర్ దాన్ని స్థాపించాడు. 1831లో కొడుకులు ఫోలెట్, క్లార్క్‌సన్ బాధ్యత తీసుకున్నారు. కంపెనీ పేరులోని రెండు అక్షరాలు వాళ్లవే. ఫోలెట్ గాలి వేగాన్ని, దిశను తనంతట తానే కాగితంపై గీసే యంత్రాన్ని కూడా తయారు చేశాడు. మన సైన్స్ మాష్టార్లకు ఈ సంగతి నచ్చుతుంది.

ఆ కాలపు బ్రిటన్‌లో గాజు మీద బరువును బట్టి పన్ను ఉండేది. నూరేళ్లు సాగిన ఆ పన్నును 1845లో ఎత్తేశారు. దాంతో బరువైన వస్తువులు చేయడం తేలికైంది. 1851లో లండన్ మహాప్రదర్శన మధ్యలో ఓస్లర్ వారు 27 అడుగుల ఎత్తున, 4 టన్నుల గాజుతో ఫౌంటెన్ నిలబెట్టారు. కలకత్తాలో వారికి షోరూమ్ ఉండేది. మన రాజులు వారికి పెద్ద ఖాతాదారులయ్యారు.

విక్టోరియా కాలపు వ్యాపారాల జాడ తీయడానికి మంచి దారులున్నాయి. వెండి వస్తువు మీద లంగరు గుర్తు ఉంటే దాన్ని బర్మింగ్‌హామ్‌లో పరీక్షించారని అర్థం. పక్కనున్న అక్షరం ఏ సంవత్సరమో చెబుతుంది. 1842 నుంచి 1883 వరకు రిజిస్టరైన డిజైన్లకు డైమండ్ ఆకారపు ముద్ర వేసేవారు. అందులో 3 అంకె గాజుకు గుర్తు. ఆ రిజిస్టర్లు లండన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉన్నాయి. వ్యాపార డైరెక్టరీలు చూస్తే దుకాణం ఏ వీధి నుంచి ఏ వీధికి మారిందో తెలుస్తుంది. దివాలా తీసినవారి, భాగస్వామ్యం విడిపోయినవారి ప్రకటనలు లండన్ గెజిట్‌లో ఉంటాయి.

ఇవన్నీ ఎక్కువగా యజమాని గురించే చెబుతాయి. గాజు కార్ఖానాలో మాత్రం నలుగురు ఒక జట్టుగా పనిచేసేవారు. పెద్ద మేస్త్రీ, ఇద్దరు సహాయకులు, ఒక కుర్రవాడు. తయారైన వేడి వస్తువును నెమ్మదిగా చల్లార్చే పొయ్యికి మోసుకెళ్లడం ఆ కుర్రవాడి పని. ఆరు గంటల పని, ఆరు గంటల విరామం, మళ్లీ పని. 1860లలో పిల్లల పనిపై విచారణ జరిపిన ప్రభుత్వ కమిషన్, గాజు కార్ఖానాల్లో రాత్రిపూట పనిచేసే పిల్లల మాటలను కూడా రాసిపెట్టింది. జనాభా లెక్కల పుస్తకాల్లో ఇంటింటా పేరు, వయసు, వృత్తి ఉంటాయి. బర్మింగ్‌హామ్‌లో గాజు ఊదినవారి, కోసినవారి పేర్లు అక్కడ కనిపిస్తాయి. కుర్చీ మీద మాత్రం వారి ముద్ర లేదు.

ఆ పాపకు ఇదే చెప్పాను. "అయితే పేర్లున్నాయన్నమాట" అంది.

పూర్వ విద్యార్థి మిత్రులకు ఒక మనవి. ఈ స్వర్ణోత్సవ సంచికలో హెడ్మాస్టర్ల, దాతల పేర్లు ఎలాగూ ఉంటాయి. మన బల్లలు చేసిన వడ్రంగి, గోడలు కట్టిన మేస్త్రీ, ఏళ్ల తరబడి గంట కొట్టిన అటెండరు ఎవరో తెలిసినవారు మనలో ఇంకా ఉన్నారు. ఆ పేర్లు రాసి సంఘానికి ఇవ్వండి. మరో యాభై ఏళ్లకు ఏ మనవరాలైనా అడిగితే చెప్పడానికి ఉంటాయి.