గేరు హబ్ మోటారు

గేరు హబ్ మోటారు అనేది విద్యుత్ సైకిలు చక్రం మధ్యభాగంలో (హబ్‌లో) అమర్చే ఒక రకం మోటారు. మోటారు వేగాన్ని తగ్గించి, చక్రాన్ని తిప్పే బలాన్ని పెంచడానికి దీనిలో గేర్లు ఉంటాయి. ఈ గేర్లు తరచుగా నైలానుతో తయారవుతాయి కనుక కాలక్రమేణా వాటి పళ్ళు అరగడం, విరగడం జరుగుతుంది. గేర్లు మార్చిన తరువాత కూడా మోటారు సరిగా పనిచేయకపోతే, లోపం క్లచ్చిలో గాని తీగలలో గాని ఉండవచ్చు. మోటారును మళ్ళీ విప్పకుండానే అటువంటి లోపాలను చాలావరకు గుర్తించవచ్చు.

నిర్మాణం

మోటారు ఇరుసు సైకిలు చట్రానికి బిగించబడి ఉంటుంది. ఇరుసుపై తీగచుట్టలు గల స్టేటరు, దాని చుట్టూ అయస్కాంతాలు గల రోటరు ఉంటాయి. రోటరుకు బిగించిన చిన్న గేరును సూర్య గేరు అని, దాని చుట్టూ ఉండే గేర్లను (సాధారణంగా 3) గ్రహ గేర్లు అని, హబ్ లోపలి అంచున ఉండే పెద్ద గేరును వలయ గేరు అని అంటారు. రోటరు సుమారు 4 లేదా 5 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది.

చాలా నమూనాలలో గ్రహ గేర్ల పీఠం ఒకే దిశలో పట్టు గల క్లచ్చి ద్వారా ఇరుసుకు కలుపబడి ఉంటుంది. మోటారు నడిచేటపుడు క్లచ్చి బిగుసుకొని పీఠాన్ని కదలనివ్వదు. అపుడు రోటరు వెనుకకు తిరుగుతూ చక్రాన్ని ముందుకు తిప్పుతుంది. మోటారు ఆగినపుడు క్లచ్చి వదులై చక్రం స్వేచ్ఛగా ముందుకు దొర్లుతుంది.

చేతితో పరీక్ష

బ్యాటరీని తొలగించి, మోటారు తీగలను కంట్రోలరు నుండి విడదీసి, చక్రాన్ని నేలకు తగలకుండా లేపి చేతితో తిప్పాలి.

* ముందుకు తేలికగా, వెనుకకు అయస్కాంతాల పట్టు తెలిసేలా తిరిగితే గేర్లు, క్లచ్చి సరిగా ఉన్నట్లు భావించవచ్చు.
* రెండు వైపులా తేలికగా తిరిగితే క్లచ్చి జారుతూ ఉండవచ్చు, లేదా క్లచ్చిని ఇరుసుకు పట్టి ఉంచే చిన్న ఉక్కు కీని తిరిగి పెట్టడం మరచి ఉండవచ్చు.
* రెండు వైపులా పట్టు తెలిస్తే క్లచ్చి బిగుసుకుపోయి ఉండవచ్చు.
* ముందుకు పట్టుగా, వెనుకకు తేలికగా తిరిగితే క్లచ్చిని తిరగవేసి అమర్చి ఉండవచ్చు.
* వెనుకకు తిప్పడం మరీ బరువుగా ఉంటే మూడు ఫేజు తీగలలో కొన్ని ఒకదానికొకటి తగులుతూ ఉండవచ్చు.

మోటారు శబ్దం చేసినా చక్రం కదలకపోవడం

క్లచ్చి లోపమే కాక, మోటారు వ్యతిరేక దిశలో తిరగడం కూడా దీనికి కారణం కావచ్చు. అపుడు క్లచ్చికి పట్టు ఉండదు. మరమ్మత్తులో తీగలను ఊడదీసి వరుస మార్చి కలిపితే ఇలా జరుగుతుంది. 3 ఫేజు తీగలను, 3 హాల్ సెన్సారు తీగలను 36 విధాలుగా కలుపవచ్చు. వాటిలో 3 మాత్రమే మోటారును సరియైన దిశలో, 3 వ్యతిరేక దిశలో నడుపుతాయి. మిగిలినవాటితో మోటారు అదురుతుంది, లేదా కదలదు.

మోటారు అదురుతుంటే హాల్ సెన్సార్లను పరీక్షించాలి. వాటి తీగలను మాత్రమే కంట్రోలరుకు కలిపి, విద్యుత్తు ఇచ్చి, చక్రాన్ని నెమ్మదిగా వెనుకకు తిప్పుతూ ఒక్కొక్క సంకేత తీగను మీటరుతో కొలవాలి. వోల్టేజి సుమారు 0, 5 వోల్టుల మధ్య మారుతూ ఉండాలి. ముందుకు తిప్పితే రోటరు కదలదు కనుక ఈ పరీక్షకు ఫలితం ఉండదు.

గరగర శబ్దం

మూడు గ్రహ గేర్లనూ ఒకేసారి మార్చాలి. పాతవాటితో కొత్తవి కలిపితే బరువు సమానంగా పడదు. పళ్ళ సంఖ్య, వ్యాసం, మందం పాతవాటితో సరిపోవాలి. విరిగిన నైలాను ముక్కలు లోపల మిగిలినా, ఇరుసుపై ఉండే పలుచని వాషరు తప్పిపోయినా శబ్దం వస్తుంది. గేర్లకు నైలానుకు హాని చేయని గ్రీజు పూయాలి. చిక్కని గ్రీజు క్లచ్చిలోకి చేరితే అది జారవచ్చు.

జాగ్రత్తలు

ఇరుసు నట్లు వదులుగా ఉంటే మోటారు బలానికి ఇరుసు చట్రంలోనే తిరిగి, తీగలు తెగిపోతాయి. ముందు చక్రమైతే అది ఊడి, నడిపేవారు పడిపోయే ప్రమాదం ఉంది. కనుక నట్లను గట్టిగా బిగించి, ఇరుసును తిరగనివ్వని టార్క్ ఆర్మును అమర్చడం మంచిది. ఎత్తైన దారిలో అధిక విద్యుత్ ప్రవాహం వలన మోటారు వేడెక్కి నైలాను మెత్తబడుతుంది. ఈ కారణాన్ని తొలగించకపోతే కొత్త గేర్లు కూడా త్వరలోనే పాడవుతాయి.

ఇవి కూడా చూడండి

* విద్యుత్ సైకిలు
* హాల్ ప్రభావం
* గేరు