డీ1 తర్వాతే డీ2

1993 సెప్టెంబర్ 20, సోమవారం. ఉదయం 10 గంటల 42 నిమిషాలు.

శ్రీహరికోట తీరం దద్దరిల్లింది. నలభై నాలుగు మీటర్ల ఎత్తున్న పీఎస్ఎల్‌వీ మొట్టమొదటిసారి నేలను వదిలింది. వంద టన్నులకు పైగా ఘన ఇంధనం మండుతుంటే పొగ తోక సముద్రం మీదుగా సాగిపోయింది. కంట్రోల్ సెంటర్‌లో అందరి కళ్ళూ తెరల మీదే. తెర మీది గీత రాకెట్ వెళ్ళాల్సిన దారి. దాన్ని అంటిపెట్టుకుని పాకుతున్న చుక్క రాకెట్ వెళుతున్న దారి. చుక్క గీతను వదలకపోతే చాలు.

వదల్లేదు. మొదటి దశ తన పని ముగించుకుని రాలిపోయింది. రెండో దశలోని వికాస్ ఇంజిన్ అనుకున్నట్టే మండింది. 1982లో అనుమతి వచ్చిన నాటి నుంచి పదకొండేళ్ళ శ్రమ. ప్రాజెక్టు డైరెక్టర్ జి. మాధవన్ నాయర్, ఇస్రో ఛైర్మన్ యు.ఆర్. రావు, వాళ్ళ వెనక వేలాది మంది ఎదురుచూసిన రోజు.

రెండో దశ విడిపోయి, మూడో దశ అందుకోవాల్సిన క్షణం. సరిగ్గా అక్కడే వాహనం అదుపు తప్పింది. మూడో దశ మండింది గానీ, రాకెట్ మొగం ఉండాల్సిన వైపు లేదు. నిలబెట్టాల్సిన కంప్యూటర్ నిలబెట్టలేకపోయింది. చుక్క గీతను విడిచి పక్కకు జారింది. పైకెగిరిన ఏడు వందల సెకన్లకల్లా కథ ముగిసింది. రాకెట్‌తో పాటు 846 కిలోల ఐఆర్ఎస్-1ఈ ఉపగ్రహం కూడా బంగాళాఖాతం పాలైంది.

ఎవరూ నడవని దారిలో

తప్పు ఎక్కడ జరిగింది? రాకెట్ సముద్రంలో కలిసిపోయినా, అది చివరిదాకా కిందికి పంపిన సమాచారం మిగిలింది. నిపుణులు దాన్ని ముందు పెట్టుకుని కూర్చున్నారు. ఇంజిన్లు పనిచేశాయి. ప్రధాన మోటార్లు మండాయి. తప్పు లోహంలోనో ఇంధనంలోనో ఉంటుందనుకుంటాం. తీరా చూస్తే రాతలో దొరికింది.

రాకెట్ ముక్కు పైకో కిందికో వాలితే సరిచేసే భాగం ఒకటి కంప్యూటర్ ప్రోగ్రాంలో ఉంటుంది. ఎంత వాలిందో కొలవాలి, ఎంత తిప్పాలో లెక్కగట్టాలి, ఆజ్ఞ ఇవ్వాలి. ఆ భాగంలో ఒక పొరపాటు దాగి ఉంది. ఆజ్ఞ విలువ నిర్ణయించిన గరిష్ఠ పరిమితిని దాటినప్పుడు మాత్రమే అది బయటపడుతుంది. ప్రయాణం సాఫీగా సాగితే ఆ పరిస్థితే రాదు. దశలు విడిపోయే వేళ కుదుపు వచ్చింది, ఆజ్ఞ హద్దు దాటింది. ప్రోగ్రాం అంతవరకూ ఎన్నడూ నడవని దారిలో అడుగుపెట్టింది.

ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్న కుర్రాళ్ళకు ఇది కొత్త కాదు. జావాలో ‘షార్ట్’ రకం చలరాశిలో పట్టే అతి పెద్ద సంఖ్య 32,767. దానికి ‘++’తో ఒకటి కలిపితే, 32,768 రాదు, మైనస్ 32,768 వస్తుంది. కంప్యూటర్ కేకలు పెట్టదు, ఆగిపోదు. తప్పుడు జవాబును ధీమాగా చేతిలో పెడుతుంది. పది మార్కుల ల్యాబ్ పరీక్షలో ఇది చిరాకు. ఆకాశంలో ఇది ఒక రాకెట్ ఖరీదు.

ఈ తప్పు మనవాళ్ళకే ప్రత్యేకం కాదు. 1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి యూరప్ వారి ఏరియన్-5 తొలిసారి ఎగిరింది. నలభై సెకన్లు తిరక్కముందే ముక్కలైంది. పాత ఏరియన్-4 కోసం రాసిన ప్రోగ్రాంను కొత్త రాకెట్‌లోనూ వాడారు. 64 బిట్ల సంఖ్యను 16 బిట్ల చోటులో కుదించబోతే అది పట్టలేదు. పాత రాకెట్‌లో ఆ సంఖ్య ఎన్నడూ అంత పెరగలేదు, కాబట్టి తప్పు ఏళ్ళ తరబడి నిద్రపోయింది. గణితవేత్త జాక్ లూయీ లియోన్స్ నేతృత్వంలోని విచారణ బృందం జులైలోనే నివేదిక ఇచ్చింది.

కంప్యూటర్ వద్దంది

శ్రీహరికోట తీరంలో కంప్యూటర్ మాట చర్చకు రావడం 1993కు పధ్నాలుగేళ్ళ ముందే జరిగింది. 1979 ఆగస్టు 10. దేశపు తొలి ఉపగ్రహ వాహక నౌక ఎస్ఎల్‌వీ-3 వేదిక మీద ఉంది. ప్రాజెక్టు నడిపిన ఏపీజే అబ్దుల్ కలాం ఆనాటి ఉదంతాన్ని తర్వాత ఎన్నో సభల్లో చెప్పుకున్నారు. చివరి నిమిషాల్లో కంప్యూటర్ కౌంట్‌డౌన్ ఆపేసింది. నియంత్రణ వ్యవస్థలో లీకు కనబడుతోంది. నిపుణులు లెక్కలు చూసి, ఫరవాలేదు, సరిపడా ఇంధనం ఉంది అన్నారు. కలాం కంప్యూటర్‌ను పక్కనబెట్టి ప్రయోగానికే మొగ్గారు. మొదటి దశ బాగానే సాగింది. రెండో దశ అదుపు తప్పింది. 317 సెకన్లకు వాహనం సముద్రంలో పడింది.

ఆ తర్వాత పత్రికల ముందు కూర్చున్నది కలాం కాదు, ఇస్రో ఛైర్మన్ సతీష్ ధవన్. వైఫల్యం బాధ్యత తన మీద వేసుకున్నారు. 1980 జులై 18న అదే ఎస్ఎల్‌వీ-3 రోహిణిని కక్ష్యలో నిలిపినప్పుడు మాత్రం, మీరే వెళ్ళి మాట్లాడండని కలాంను ముందుకు పంపారు. శ్రీహరికోట కేంద్రానికి 2002లో ధవన్ పేరే పెట్టారు.

కౌంట్‌డౌన్ ఆపిన కంప్యూటర్ మనకూ ఎదురవుతుంది. ప్రోగ్రాం రాసి రన్ చేసిన ప్రతివాడికీ తెర మీద ఎర్ర అక్షరాలు కనబడతాయి. అది అవమానంలా తోస్తుంది, చదవకుండానే మూసేస్తాం. నిజానికి ఆ వాక్యాలు ఏ వరుసలో, ఏ పేరు దగ్గర తేడా వచ్చిందో చెబుతాయి. కంప్యూటర్ ఆపిందంటే మనల్ని తక్కువ చేసినట్టు కాదు. ఆగిన చోటు చూపించినట్టు.

రాసిందంతా కొట్టేసే జబ్బు

ఇప్పుడు నెల్లూరు, కావలి, నాయుడుపేట కాలేజీల్లో తొలిసారి కోడింగ్ నేర్చుకునే పిల్లల్ని చూడండి. ఇంటర్‌లో తొంభై దాటి మార్కులు తెచ్చుకున్న వాళ్ళే ఎక్కువ విసిగిపోతారు. జవాబు ఒక్కసారికే సరిగ్గా రావాలన్నది వాళ్ళకు చిన్ననాటి నుంచీ అలవాటు. ప్రోగ్రాం అలా రాదు. రాకపోతే తెలివి లేదేమోనన్న అనుమానం మొదలవుతుంది. తర్వాత వచ్చేది పెద్ద జబ్బు. ఒక వరుసలో తప్పు ఉంటే రెండు వందల వరుసలూ కొట్టేసి, తెల్ల తెర మీద మళ్ళీ మొదలుపెట్టడం. ఈసారి ఎక్కడా మరక లేకుండా రాద్దామన్న పంతం. మళ్ళీ తప్పు వస్తుంది, మళ్ళీ కొట్టేస్తారు. నెల గడిచినా చేతిలో పూర్తయిన ప్రోగ్రాం ఒక్కటీ ఉండదు.

వలలో రెండు కన్నులు తెగాయని వల మొత్తం విప్పి మళ్ళీ అల్లుకునే జాలరి ఈ తీరంలో ఎక్కడా లేడు. ఇస్రో కూడా ఆ పని చేయలేదు. రాకెట్ పోయింది కాబట్టి కొత్త రాకెట్ గీద్దామనుకోలేదు. పనిచేసిన ఇంజిన్లను అలాగే ఉంచారు. తప్పు దొరికిన చోటే సరిచేశారు.

అసలు ఆ దృష్టి ప్రయోగానికి ముందే ఉంది. 1993 నాటి రాకెట్ పేరులోని డీ1 అన్నది అభివృద్ధి ప్రయోగాల్లో మొదటిదన్న గుర్తు. మొదటిది నేర్చుకోవడానికని ముందే ఒప్పుకుని ఎగరేశారు. ఆ రోజు ఎగిరిన ఐఆర్ఎస్-1ఈ కూడా ఐఆర్ఎస్-1ఏ కోసం చేసిన ఇంజినీరింగ్ నమూనాను మెరుగుపరచి తయారుచేసిందే. తమ అత్యుత్తమమైన ఉపగ్రహాన్ని తొలి ప్రయత్నం మీద పణంగా పెట్టలేదు. దేశంలో అతి కచ్చితంగా పనిచేయాల్సిన మనుషులు, తొలి అడుగు కచ్చితంగా పడుతుందని లెక్క వేసుకోలేదు. పనితనంలో పట్టుదలకు, మొదటిసారే తప్పు రాకూడదన్న భయానికి తేడా ఇక్కడుంది. పట్టుదల తప్పును వెతుకుతుంది. భయం తప్పును దాస్తుంది.

1994 అక్టోబర్ 15, శనివారం. డీ1 కూలిన పదమూడు నెలలలోపే డీ2 అదే తీరం నుంచి లేచింది. ఈసారి చుక్క గీతను చివరిదాకా వదల్లేదు. 804 కిలోల ఐఆర్ఎస్-పీ2 కక్ష్యలోకి చేరింది. ఆ వంశపు రాకెట్లే 2008లో చంద్రయాన్-1ను, 2013లో మంగళయాన్‌ను, 2017 ఫిబ్రవరి 15న ఒకే ఊపులో 104 ఉపగ్రహాలనూ మోసుకెళ్ళాయి.

చోటు పెంచారు

కథ అక్కడితో సుఖాంతమైపోలేదు. 2019 సెప్టెంబర్ 7న చంద్రయాన్-2 ల్యాండర్ విక్రమ్ చందమామ మీద కూలింది. తర్వాత ఇస్రో ఛైర్మన్ ఎస్. సోమనాథ్ కారణాలు వివరించారు. ఇంజిన్లు అనుకున్నదానికన్నా ఎక్కువ బలంతో తోశాయి, తేడాలు పేరుకున్నాయి. వాటిని సరిదిద్దుకోవడానికి ల్యాండర్ వేగంగా తిరగాల్సి వచ్చింది. అంత వేగం అవసరమవుతుందని ఊహించనందువల్ల సాఫ్ట్‌వేర్ దానికి హద్దు పెట్టి ఉంది. పైగా దిగడానికి ఇచ్చిన చోటు అర కిలోమీటరు పొడవు, అర కిలోమీటరు వెడల్పు మాత్రమే.

2023లో చంద్రయాన్-3కు ఆ చోటును నాలుగు కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పుకు పెంచారు. ఏవేవి చెడిపోవచ్చో ముందే రాసుకుని, చెడినా దిగగలిగేలా తయారుచేశారు. జులై 14న శ్రీహరికోట నుంచి బయలుదేరిన ఆ నౌక ఆగస్టు 23న చంద్రుడి దక్షిణ ధ్రువ ప్రాంతం దగ్గర నిలబడింది.

కొత్తగా ప్రోగ్రాం రాసేవాళ్ళు పట్టుకెళ్ళాల్సింది ఇదే. రాసిన తొలి ఫైలుకు డీ1 అని పేరు పెట్టండి. సరైన అంకెలు ఇచ్చి చూశాక, సున్నా ఇచ్చి చూడండి, మైనస్ ఇచ్చి చూడండి, మరీ పెద్ద సంఖ్య ఇచ్చి చూడండి. ఆగితే ఎక్కడ ఆగిందో పుస్తకంలో రాసుకోండి. పనిచేస్తున్న వరుసల జోలికి పోకుండా చెడిన వరుసను మార్చి, డీ2 అని దాచుకోండి. విసుగు అప్పుడూ వస్తుంది. కానీ వెతకడానికి చోటు తెలిసిన విసుగు మనిషిని కుర్చీలోంచి లేపదు.

2025 మే 18న పీఎస్ఎల్‌వీ-సీ61 మూడో దశలో పీడనం తగ్గి విఫలమైంది. మూడు దశాబ్దాలు ఎగిరిన రాకెట్‌కే తప్పులు పూర్తిగా తీరలేదు. మొన్న నేర్చుకోవడం మొదలుపెట్టిన పిల్లలు వారంలో తీరాలనుకుంటే, అది వాళ్ళు పెట్టుకున్న లెక్కలో పొరపాటే గానీ వాళ్ళ తెలివిలో కాదు.