బాలింత పథ్యం

బాలింత పథ్యం అనగా ప్రసవించిన స్త్రీ తన ఒళ్ళు కోలుకొనుటకు, తన పాలు త్రాగే శిశువుకు అజీర్తి కలుగకుండుటకు పాటించే ఆహార నియమం. తెలుగునాట అంతటా ఇది వివిధ రూపాలలో ఉన్నది. ఈ వ్యాసం ఉత్తర తెలంగాణలోని పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల (2016 అక్టోబరు 11న ఇవి పలు జిల్లాలుగా విభజింపబడినవి) వాడుకకు సంబంధించినది.

ఆచారం

తొలి కాన్పు సాధారణంగా తల్లిగారింట జరుగుతుంది కనుక పథ్యాన్ని నిర్ణయించేది బాలింత తల్లి లేక అమ్మమ్మ. 'పచ్చి బాలింత'గా ఉన్న రోజులలో మెత్తని అన్నం, ఎల్లిపాయ కారం, మిరియాల చారు, శొంఠి, వాము, నెయ్యి పెడతారు. శనగపప్పు, ఆలుగడ్డ, గోకరకాయ, వంకాయ, గుమ్మడికాయ వంటివి వాతం చేస్తాయని మాన్పిస్తారు. ఈ జాబితా ఊరిని బట్టి, కులాన్ని బట్టి మారుతుంది. ఒక ఇంట మాన్పించినది పక్క ఇంట పెట్టడం కద్దు. బిడ్డ కడుపుబ్బి ఏడ్చినా, పలుచగా విరేచనమైనా, పాలు కక్కినా ఇంట్లో మొదట అడిగేది తల్లి ఏమి తిన్నదని.

తల్లి ఆహారం, చనుబాలు

తల్లి ప్రేగులలో పుట్టిన వాయువు చనుబాలలోకి చేరదు. వాయువుకు కారణమైన పీచు రక్తంలోకి ఇంకదు. కాని ఆహారంలోని మాంసకృత్తులు సూక్ష్మ పరిమాణంలో పాలలోకి వస్తాయి. ఆవుపాల మాంసకృత్తులు సరిపడని శిశువులు కొద్దిమంది ఉంటారు. వీరికి మలంలో జిగురు, నెత్తురు కనిపించవచ్చును. అట్టివారి తల్లులకు వైద్యులు 2 నుండి 4 వారాలు పాలు, పెరుగు, వెన్న మాన్పించి, గుణం కనిపిస్తే మరల ఇచ్చి నిర్ధారించుకొంటారు. ఆవుపాలకు గేదెపాలు బదులు కావు. పాలు పడాలని పాలు త్రాగించి, వాతమని పప్పు మాన్పించే ఇళ్ళలో జరిగేది దీనికి సరిగా వ్యతిరేకం.

చనుబాలు మాత్రమే త్రాగే శిశువుకు తొలి వారాలలో రోజుకు అనేక మార్లు పసుపుపచ్చని పలుచని విరేచనం కావడం సహజం. కారణం తెలియని ఏడుపు సుమారు 6 వారాల వయసులో హెచ్చి, 3, 4 నెలలకు తగ్గిపోతుంది. ఆ సమయానికి మాన్పించి ఉన్న కూర ఏదైతే దానికే ఆ ఘనత దక్కుతుంది.

పథ్యం మితిమీరినచో

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పాలిచ్చే తల్లికి తొలి 6 నెలలు రోజుకు 600, తరువాతి 6 నెలలు 520 కిలో కేలరీలు అదనంగా కావలెను. కారం అన్నంతో సరిపెట్టే పథ్యంలో ఇది సమకూరదు.

ఇంతకంటె పెద్ద ప్రమాదం బి1 విటమిన్ (థయామిన్) లోపం. చనుబాలలో ఈ విటమిన్ తల్లి తినేదానిని బట్టి హెచ్చుతగ్గులవుతుంది. బాగా పాలిష్ పట్టి, గంజి వార్చిన అన్నంలో ఇది బహు స్వల్పం. తల్లి పథ్యం కారణంగా శిశువులకు ఈ లోపం కలిగిన సంఘటనలు కర్ణాటకలోను, కాశ్మీరులోను నమోదైనవి. శిశువుల బెరిబెరి అనే ఈ వ్యాధి ముఖ్యంగా 2 నుండి 4 నెలల వయసులో వస్తుంది. వాంతులు, ఆగని ఏడుపు, బొంగురు గొంతు, ఆయాసం దీని లక్షణాలు. వాంతులు, ఏడుపు చూసి అజీర్తి అని భ్రమించి పథ్యాన్ని ఇంకా బిగిస్తే వ్యాధి ముదిరి, గుండె దెబ్బతిని ప్రాణాపాయం కలుగుతుంది. సకాలంలో థయామిన్ సూది వేస్తే సాధారణంగా గంటలలోనే తేరుకొంటారు.

ఆదిలాబాద్ గోండుల పాత ఆహారమైన జొన్న గట్క, జొన్న రొట్టెలలో పాలిష్ బియ్యం కంటె ఈ విటమిన్ చాలా ఎక్కువ. పప్పులు, వేరుశనగలు కూడా మంచి ఆధారాలు. తెలంగాణ ప్రభుత్వం 2015 జనవరి 1న ప్రారంభించిన ఆరోగ్యలక్ష్మి పథకం అంగన్‌వాడీలలో బాలింతలకు ఒక పూట పూర్తి భోజనం, గుడ్డు, పాలు ఏర్పరచినది. ఆ భోజనంలోని పప్పు కొన్ని ఇళ్ళలో మాన్పించే పప్పే.

విరేచనాలైనపుడు

నీళ్ళ విరేచనాలు పట్టుకొన్న శిశువుకు చనుబాలు ఆపరాదు. మరింత తరచుగా ఇవ్వవలెను. ఓ.ఆర్.ఎస్., జింకు మోతాదు వైద్యుని ద్వారా తెలుసుకొనవలెను. ఆముదపు ఉగ్గు, వసకొమ్ము, తేనె ఈ వయసు వారికి హానికరం. ఆకుపచ్చని వాంతి, మలంలో నెత్తురు, మాడు లోతుకు పోవడం, మూత్రం తగ్గడం, పాలు త్రాగలేకపోవడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవలెను.